గాజు పూస గవాహ్ మాత్రమే, ఖాజీ కాదు



ఉర్దూలో తారీఖ్ అంటే చరిత్ర. తెలుగులో తారీఖు అంటే క్యాలెండర్‌లో అంకె. ఒకే మాట మన నోట్లో రెండు పనులు చేస్తోంది. ఆ రెండు అర్థాల మధ్య ఉన్న ముడి గురించే ఈసారి రాస్తున్నాను. ఒక పాత ఊరికి తారీఖు తప్పుగా వేస్తే ఆ ఊరివాళ్ల తారీఖ్ మొత్తం తారుమారవుతుంది. గోడ ఎవరు కట్టారు, హునర్ ఎవరిది, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న లెక్కలన్నీ మారిపోతాయి. ఆ తారీఖు తేల్చే సబూతుల్లో ఒకటి ఆవగింజంత గాజు పూస.

పూస మనకు పరాయి వస్తువు కాదు. మన దక్కనీ ఇళ్లల్లో పెళ్లయిన ఆడవాళ్ల మెడలో ఉండే కాలీపోత్ లచ్చా అంటే సన్నటి నల్ల గాజు పూసల పేటలే కదా. పక్కింటి అక్కగారి నల్లపూసలకు అది తోడబుట్టిన చెల్లెలు. తెలుగులో గాజు అంటే చేతికి వేసుకునేదీ అదే, కిటికీకి బిగించేదీ అదే. ఇంత దగ్గరి వస్తువు కాబట్టే, శాస్త్రవేత్తలు పూస చేత ఎలా మాట్లాడిస్తారో, దాని మాట ఎంతవరకు నమ్మవచ్చో మన ఇళ్లల్లో తెలిసుండాలని నా అభిప్రాయం. ఎందుకంటే "ఫలానా చోట అరబ్బుల పూసలు దొరికాయట, అంటే అది కట్టింది మనవాళ్లేనట" అనే తరహా మాటలు మన ఫ్యామిలీ గ్రూపుల్లో మాషాఅల్లాహ్, సుబ్‌హానల్లాహ్‌ల మధ్య తేలిగ్గా దాటిపోతుంటాయి. ఎవరూ ఆగి అడగరు.

ముందు ఒక అసలు సంగతి. గాజులో గడియారం లేదు. కట్టె, గింజ, ఎముక లాంటివి ఒకప్పుడు బతికినవి కాబట్టి వాటిలోని కార్బన్ చూసి, అవి ఎప్పుడు చచ్చాయో లెక్క కట్టవచ్చు. గాజు ఎప్పుడూ బతకలేదు. మరి పూసను పరీక్షించి కాలం ఎలా చెబుతారు? వంటకం చూసి చెబుతారు.

గాజు కూడా ఒక పకవానే. ఇసుక ప్రధాన సరుకు. ఇసుక ఒక్కటే కరగాలంటే విపరీతమైన వేడి కావాలి. ఆ వేడి తగ్గించడానికి క్షారం కలపాలి. ఆ క్షారం ఎక్కడిదన్నదే ప్రాంతానికీ ప్రాంతానికీ తేడా. ఇరాక్, ఇరాన్ వైపు ఉప్పు నేలల్లో పెరిగే మొక్కలను కాల్చి, ఆ బూడిద వాడేవారు. మొక్కల బూడిదలో మెగ్నీషియం ఎక్కువ ఉంటుంది, గాజులోకీ అదే దిగుతుంది. మన హిందుస్తాన్‌లో చౌడు నేల మీద తెల్లగా పేరుకునే సోడా ఉప్పు వాడేవారు. అందులో మెగ్నీషియం తక్కువ. పైగా మన ఇసుక శుద్ధమైన ఇసుక కాదు. గ్రానైటు రాళ్లు అరిగి వచ్చినది కాబట్టి అల్యూమినియం దండిగా ఉంటుంది. ఈ రెండు గుర్తులు కనిపిస్తే నిపుణులు ఇది దక్షిణాసియా గాజు అంటారు.

అంతటితో ఆగరు. యురేనియం, బేరియం, స్ట్రాన్షియం, జిర్కోనియం లాంటివి ఆ గాజులో లక్షలో కొన్ని వంతులు మాత్రమే ఉంటాయి. వంటవాడు వాటిని కావాలని వేయలేదు, ఇసుకతో పాటు వాటంతట అవే వచ్చాయి. అందుకే అవి ఇసుక తవ్విన చోటును పట్టిస్తాయి. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో పనిచేసే లోర్ దుసూబియో, ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్ గ్రతూజ్ ఈ చిన్న లెక్కలతోనే హిందుస్తానీ తరహా గాజును ఉపజాతులుగా విడదీశారు. ఒక జాతి క్రీస్తుపూర్వపు శతాబ్దాల నుంచి దక్షిణ భారతంలో, శ్రీలంకలో కనిపిస్తుంది. యురేనియం ఎక్కువున్న మరో జాతి, ఆ తర్వాతి కాలానిది, పశ్చిమ తీరంలోని చౌల్ రేవులో దొరికింది. అదే జాతి గాజు సముద్రం అవతల ఆఫ్రికా తూర్పు తీరంలోనూ దొరికింది. రెండు తీరాల మధ్య సరుకు ఎలా నడిచిందో చెప్పడానికి రాజపత్రం అక్కర్లేదు, పిడికెడు పూసలు చాలు.

పరీక్షకు పూసను పగలగొట్టనవసరం లేదు. లేజర్‌తో కంటికి కనిపించనంత సన్నటి రంధ్రం చేస్తారు. అందులోంచి లేచిన గాజు ధూళిని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంలోకి పంపితే ఏ మూలకం ఎంతుందో తేలుతుంది. పూస మళ్లీ డబ్బీలోకి వెళ్లిపోతుంది.

ఉత్తర అమెరికా ఉదాహరణ మన ఇంటి ఆడవాళ్లకు ఇంకా తొందరగా అర్థమవుతుంది. యూరప్ వ్యాపారులు అక్కడి మూలవాసులకు గాజు పూసలిచ్చి జంతువుల బొచ్చుతోళ్లు కొనేవారు. ఆ పూసల్లో తెల్లవి చాలా ఉన్నాయి. గాజును పాలలా తెల్లగా చేయడానికి 17వ శతాబ్దం తొలి దశకాల వరకు తగరం వాడారు. ఆ తర్వాత క్రమంగా యాంటిమొనీ వచ్చింది. ఇంకా తర్వాత, 18, 19 శతాబ్దాలలో ఆర్సెనిక్. మన మాటల్లో చెప్పాలంటే రాగి దేగిశాలకు పూసే కలాయి, పాతకాలపు సుర్మా రాయిలోని లోహం, హకీములు భయపడుతూ ముట్టుకునే సంఖియా. కళ్లకు మూడూ ఒకే తెలుపు. యంత్రానికి మూడూ మూడు కాలాలు. కెనడాలో, అమెరికాలో పూసల మీద ఇలాంటి పని దశాబ్దాలుగా నడుస్తోంది. రాతకోతలు లేని ఊళ్ల వరుస తేల్చడానికి అది ఎంతో పనికొచ్చింది.

ఇక మన గ్రూపుల్లోని మాటకు వద్దాం. ఆఫ్రికాలో, ఇప్పటి జింబాబ్వే దేశంలో, గ్రేట్ జింబాబ్వే అనే రాతి నగరం ఉంది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన పెద్ద గోడలు. 1871లో కార్ల్ మౌఖ్ అనే జర్మన్ యాత్రికుడు అక్కడికి వెళ్లి, ఇది సబా రాణికి సంబంధించినదని ప్రచారం చేశాడు. మనం బిల్కీస్ అని పిలుచుకునే రాణే ఆవిడ. సులైమాన్ అలైహిస్సలాం మహల్లో గాజు పరిచిన నేలను నీళ్లనుకుని బట్టలు తడవకుండా ఎత్తుకున్న ఆ కిస్సా మన పిల్లలకూ తెలుసు. మౌఖ్ మాట తెల్ల పాలకులకు బాగా నచ్చింది. నల్లవాళ్లు ఇంతటి నగరం కట్టలేరని చెప్పుకోవడానికి వాళ్లకు బిల్కీస్ కావలసి వచ్చింది, ఫినీషియన్లు కావలసి వచ్చారు, అరబ్బులు కూడా కావలసి వచ్చారు. గమనించండి. మన పేరు అక్కడ ఇజ్జత్ కోసం వాడలేదు. ఇంకొకరి హక్కు కాజేయడానికి వాడారు.

1905లో డేవిడ్ రాండల్ మాకైవర్ తవ్వి చూసి, ఇది ఆఫ్రికన్ల కట్టడమే, మధ్యయుగాలదే అన్నాడు. చాలామంది ఒప్పుకోలేదు. 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ అనే ఆవిడ వెళ్లింది. గోడల కింద, అంతకు ముందెవరూ కదిలించని పొరల్లో తవ్వి, దొరికిన పూసలను హోరెస్ బెక్ అనే పూసల నిపుణుడికి చూపించింది. ఆవిడ తీర్పూ అదే. మధ్యయుగాల నాటిది, స్థానిక ఆఫ్రికన్లదే. పూసలు బయటి నుంచి వ్యాపారంలో వచ్చాయి, కట్టిన చేతులు మాత్రం అక్కడివే. అయినా రొడీషియా తెల్ల ప్రభుత్వం 1960, 70 దశకాల దాకా ఆ మాట గట్టిగా చెప్పేవాళ్లను వేధించింది. అక్కడ స్మారకాల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన పీటర్ గార్లేక్ 1970లో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఒక తారీఖు చెప్పినందుకు.

కానీ ఇక్కడే ఇన్సాఫ్‌తో ఇంకో మాటా చెప్పాలి. కేటన్ థాంప్సన్ ఎవరు కట్టారన్నది సరిగ్గా చెప్పింది గానీ, కట్టడం మొదలైన కాలాన్ని పూసల పోలికల మీద ఆధారపడి కొన్ని శతాబ్దాలు వెనక్కి జరిపింది. తర్వాత వచ్చిన రేడియోకార్బన్ పరీక్షలు నగరం ఉచ్చదశను 13 నుంచి 15వ శతాబ్దాల దగ్గరికి తెచ్చాయి. పూస అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగకూడని ప్రశ్న అడిగారు.

ఏమిటా ప్రశ్న? "నువ్వు ఎప్పుడు తయారయ్యావు" అంటే పూస కొంతవరకు చెప్పగలదు. "ఈ మట్టిలో ఎప్పుడు పడ్డావు" అంటే చెప్పలేదు. నానీమా లచ్చా తెగిపోతే ఆ పూసలు ఏరి బేటీకి, బేటీ నుంచి నవాసీకి గుచ్చి ఇవ్వడం మన ఇళ్లల్లో మామూలే కదా. నాలుగు తరాల తర్వాత ఒక పూస జారి ఇంటి పునాదిలో పడిందనుకోండి. ఆ పూసను బట్టి ఇంటికి వయసు కడితే నూరేళ్లు తప్పుతుంది. కాబట్టి పూస చెప్పగలిగేది ఒక్కటే, ఈ పొర నాకంటే ముందుది కాదు అని. ఎంత తర్వాతిదో దానికి తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. దక్షిణాఫ్రికాలో లింపోపో నది దగ్గర కె2 అనే పాత ఊరుంది. 11, 12 శతాబ్దాల ఊరు. ఆ పక్కనే తర్వాత మాపుంగుబ్వే రాజ్యం వెలసింది. కె2 పనివాళ్లు సముద్రం మీదుగా వచ్చిన చిన్న నీలి-ఆకుపచ్చ పూసలను మట్టి అచ్చుల్లో కరిగించి పెద్ద పెద్ద పూసలు చేసుకున్నారు. యంత్రంలో పెడితే అవి హిందుస్తానీ తరహా గాజు అనే చూపిస్తాయి. కానీ పూస చేసిన హునర్ ఆఫ్రికాది. వంటకం ఒకరిది, వడ్డించిన చేయి మరొకరిది. రసాయనం ఒక్కటే చూసినవాడు ఆ కారీగర్లను తారీఖ్‌లోంచి తుడిచేస్తాడు.

పూసలు లేకపోవడం కూడా మోసం చేస్తుంది. కెనడాలోని ఒంటారియోలో జాన్ బాతీస్త్ లేనే అనే మూలవాసుల ఊరు తవ్వారు. యూరప్ సరుకు దాదాపు లేదు కాబట్టి ఇది తెల్లవాళ్ల రాకడకు ముందుదే, 16వ శతాబ్దం మొదటి దశకాలది అనుకున్నారు. కార్నెల్ యూనివర్సిటీకి చెందిన స్టర్ట్ మ్యానింగ్ బృందం 2018లో రేడియోకార్బన్ లెక్కలు వేసి చూస్తే, అది 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదట్లోది అని తేలింది. ఆ ఊరివాళ్లు పూసలు దొరకక మానుకున్నారో, వద్దనుకుని మానుకున్నారో, అది వాళ్ల ఇష్టం. పూసలు లేనివాళ్లంతా పాతకాలంవాళ్లే అనుకోవడం మన తొందరపాటు. ఆ ఒక్క తొందరపాటు వాళ్ల తారీఖ్‌ను దాదాపు నూరేళ్లు పక్కకు నెట్టింది.

ఇదంతా చదివితే పూసల శాస్త్రం పనికిరాదేమో అనిపించవచ్చు. నా రాయ్ దానికి పూర్తిగా ఉల్టా. ఈ శాస్త్రం ఎంతో పనికొస్తుంది, గవాహ్‌ను గవాహ్‌గా ఉంచితే. మనకు ఈ అదబ్ కొత్తదీ కాదు. హదీసు పండితులు ఒక మాట విన్నప్పుడు రెండూ చూస్తారు. మతన్, అంటే మాటలో ఏముంది. సనద్, అంటే ఆ మాట ఎవరి నుంచి ఎవరికి, ఏ గొలుసులో వచ్చింది. పూసలోని రసాయనం మతన్ లాంటిది. అది ఏ పొరలో, ఏ లోతులో, దేని పక్కన దొరికిందన్నది సనద్. సనద్ తెగిపోతే ఎంత అందమైన మతన్ అయినా దాని మీద పెద్ద బరువు పెట్టరు. బజారులో పాత పూసల దండ కొని ల్యాబ్‌కు పంపితే గాజు ఏ తరహాదో తెలుస్తుంది, అంతే. ఏ ఊరి చరిత్రకూ అది సాక్ష్యం చెప్పలేదు. రోజువారీ అప్పు లావాదేవీకే ఇద్దరు గవాహ్‌లు ఉండాలని నేర్చుకున్న మనం, ఒక నాగరికత మీద తీర్పుకు ఒక్క గవాహ్ చాలనుకోవడం సబబు కాదు.

ఇద్దరు ముగ్గురు గవాహ్‌లు కలిస్తే ఎలా ఉంటుందో దక్షిణాఫ్రికా పూసలే చూపించాయి. మరిలీ వుడ్ అనే పరిశోధకురాలు అక్కడి పూసలను వరుసలుగా పేర్చింది. తర్వాత రసాయన పరీక్షలు చేశారు. రేడియోకార్బన్ కాలాలు కలిపి చూశారు. 8 నుంచి 10వ శతాబ్దం దాకా వచ్చిన జీజో అనే రకం పూసల గాజు మొక్కల బూడిదతో చేసినది, ఇరాక్, ఇరాన్ వైపు గాజుతో కలుస్తుంది. అబ్బాసీ ఖలీఫాల కాలం అది. 10వ శతాబ్దం చివరి నుంచి హిందుస్తానీ తరహా పూసలు ముందుకొచ్చాయి. అంటే వ్యాపారపు గాలి మారింది. ఇదే 10వ శతాబ్దంలో అల్ మసూదీ సొఫాలా బంగారం గురించి రాశాడు. గ్రేట్ జింబాబ్వేలో కిల్వా సుల్తాన్ అల్ హసన్ ఇబ్న్ సులైమాన్ పేరున్న నాణెం ఒకటి దొరికింది. 1331లో ఇబ్న్ బతూతా కిల్వా వెళ్లి చూసింది ఈ సుల్తాన్‌నే. పూస, బొగ్గు, నాణెం, సఫర్‌నామా నాలుగూ ఒకే దిక్కు చూపిస్తుంటే అప్పుడు మనసు కుదుటపడుతుంది. ముస్లిం నావికులు, తాజిర్లు ఆ తీరంలో ఉన్నారు. గౌరవంగా వ్యాపారం చేశారు. లోపలి రాతి నగరం మాత్రం షోనా ప్రజల పూర్వీకులది. ఈ రెండు మాటలూ ఏకకాలంలో నిజం. మొదటిది చెప్పుకోవడానికి రెండోది దాచనక్కర్లేదు.

కొందరు అంటారు, "మన ఘనత మనం చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు? బయట మన తారీఖ్‌ను తుడిచేస్తున్న రోజులివి" అని. ఆ బాధ నాకూ ఉంది. మన పేర్లు పాఠాల్లోంచి జారిపోతుంటే కోపం రావడం సహజమే. సరిగ్గా అందుకే అంటున్నాను. సబూతు లేకుండా ఇంకొకరిది మనదని అంటే, రేపు సబూతు ఉన్న మనదాన్ని మనదని చెప్పినా ఎవరూ నమ్మరు. ఫార్వర్డు చేసేముందు మూడు సవాళ్లు అడగండి. ఆ వస్తువు ఏ పొరలో దొరికింది? దాన్ని ఎవరు, ఎలా పరీక్షించారు? రెండో గవాహ్ ఎవరు? జవాబు లేకపోతే మన వేలు అక్కడే ఆగాలి.

నిజంగా గర్వించదగ్గది మన చుట్టుపక్కలే ఉంది. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. ఆ శాఖను 1914 నుంచి నిలబెట్టినవాడు గులామ్ యజ్దానీ సాహెబ్. అజంతా చిత్రాల మీద పెద్ద గ్రంథాలు తెచ్చిందీ ఆయనే. బౌద్ధుల గుహలనూ శాతవాహనుల ఊరినీ ఒక ముస్లిం అధికారి అమానత్‌లా చూసుకున్నాడు. కొండాపూర్‌లో శాతవాహన నాణేలతో పాటు లెక్కలేనన్ని పూసలు దొరికాయి. వాటి మీద ఎం. జి. దీక్షిత్ రాసిన పుస్తకాన్ని 1952లో హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలోనే వేశారు. అటు తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో, కొలిమి నుంచి గాజును సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి, బూడిదలో వేడిచేసి అంచులు గుండ్రం చేసే పాత పద్ధతి మన కాలం దాకా నిలిచింది. ఆ పద్ధతిలో చేసిన పూసలే ఒకప్పుడు ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా వెళ్లాయి. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ వచ్చి ఆ పనిని రాసుకుని ప్రపంచానికి చెప్పాడు. మన పిల్లల్లో ఎంతమందికి ఆ ఊరి పేరు తెలుసు?

కాబట్టి నా దర్ఖాస్తులు కొన్ని. పాత దిబ్బల మీద వాన వెలిశాక పూసలు తేలితే ఏరి ఇంటికి తేకండి, అమ్ముకునేవాళ్ల దగ్గర కొనకండి. మీరు ఏరిన క్షణంలో దాని సనద్ తెగిపోతుంది. చోటు ఫోటో తీసి, పురావస్తు శాఖకు చెప్పండి. సెలవుల్లో పిల్లలను మాల్‌కు తీసుకెళ్లే దారిలో ఒక్కసారి కొండాపూర్ మ్యూజియంకు తీసుకెళ్లండి. సైన్సు చదివే బచ్చీలకు, డాక్టర్, ఇంజనీర్ తప్ప ఇంకో దారి లేదని చెప్పకండి. కెమిస్ట్రీ వచ్చిన అమ్మాయి చరిత్రను సరిదిద్దగలదు. రెండు రాష్ట్రాల మ్యూజియంలలో డబ్బీల్లో ఉన్న పూసలను యూనివర్సిటీల ల్యాబులకు చూపించాలని, వచ్చిన ఫలితాలు తెలుగులో, ఉర్దూలో మనందరికీ అందాలని అడుగుదాం. ఇది ఏ ఒక్క కౌమ్ మాంగ్ కాదు. ఆ పూసలు వేసుకున్న అమ్మలు మనందరి ముత్తవ్వలే.

పూస తన వంతు గవాహీ దాచకుండా ఇస్తుంది. ఫైసలా చెప్పేముందు మిగతా గవాహ్‌లనూ పిలవడం మన జిమ్మేదారీ. అల్లాహ్ మనకు పనికొచ్చే ఇల్మ్‌ను, పరాయివాళ్ల హక్కు విషయంలోనూ ఇన్సాఫ్ తప్పని మనసును ఇవ్వాలని దువా. ఆమీన్.